రమ్మన్నదెవరు

మడివాళలో పీజీ హాస్టళ్ళ మధ్య, ఒక బేకరీ మేడమీద నేను స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతాను. వచ్చేవాళ్ళలో సగం మంది మన తెలుగు నర్సులే. డ్యూటీ దిగి, నిద్రకళ్ళతో వచ్చి కూర్చుంటారు. మొన్న వానల్లో ఒకరోజు వాళ్ళకి 'షి వాంట్స్ హిమ్ టు కమ్' లాంటి వాక్యాలు చెబుతున్నాను. కోరేది ఒకరు, చేసేది ఇంకొకరు. ఆ చేసే మనిషిని తీసుకొచ్చి 'టు'కి ముందు కూర్చోబెట్టడం మనవాళ్ళకి ఒక పట్టాన రాదు. తెలుగులో 'రమ్మంటోంది' అంటే పనైపోతుంది మరి. బోర్డు మీద రెండు సున్నాలు చుట్టి, ఒకదాని కింద 'కోరేవాళ్ళు', రెండోదాని కింద 'చేసేవాళ్ళు' అని రాశాను. మీ ఇంట్లోవాళ్ళ గురించి ఐదు వాక్యాలు రాయండి అన్నాను.

నెల్లూరు అమ్మాయి ఒకతె 'మై ఫాదర్ వాంట్స్ మీ టు కమ్ హోమ్' అని రాసింది. తప్పేమీ లేదు.

"నాన్న ఫోన్ చేశారా?"

"నాన్న ఎందుకు చేస్తారు సార్! అమ్మే చేసి, మీ నాన్న రమ్మంటున్నాడే అంటది."

"అయితే కోరేది అమ్మ కదా. అమ్మనే రాయి."

"రాస్తే మా అమ్మ ఒప్పుకోదు సార్."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే అక్క గుర్తొచ్చింది.

మా అక్క ఇల్లు ఈ ఊళ్ళోనే, కె.ఆర్.పురం స్టేషన్ వెనక. బావ ఉన్నన్నాళ్ళూ శనివారం వస్తే ఫోన్ చేసేది. "మీ బావ నిన్ను చూడల్లంటాండాడప్పా, రేపు రా." వెళితే బావ పేపరు మడుస్తూ, "ఏమప్పా, మీయక్క రమ్మనిందా?" అనేవాడు. తమ్ముణ్ణి చూడాలని ఉందని అక్క ఏనాడూ తన నోటితో అనలేదు. పుట్టింటి మీద బెంగపెట్టుకుందని అత్తగారి చేత అనిపించుకోకూడదని, పెళ్ళైన కొత్తలో పట్టిన అలవాటు అది. అత్తగారు పోయినా అలవాటు పోలేదు.

బావ పోయి తొమ్మిది నెలలు. పెద్దకర్మ తర్వాత నేను మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అక్క ఫోన్ చేస్తూనే ఉంది. "తింటివాప్పా? ఆడ వానొస్తాండాదా?" అంతే, రమ్మనదు. ఒంటరిగా ఉండాలనుకుంటోంది కాబోలు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ట్రాఫిక్‌లో ఆదివారం పాడవ్వడం లేదని నాకూ హాయిగానే ఉంది. రాస్తుంటే సిగ్గేస్తోంది. పిలవడానికి ఆమెకి అడ్డంపెట్టుకునే పేరంటూ లేకుండా పోయిందని, కోరేదెవరు చేసేదెవరు అని అందరికీ బోర్డు మీద సున్నాలు చుట్టి చూపించే పెద్దమనిషికి తట్టలేదు.

క్లాసు అక్కడితో ఆపేసి బస్సెక్కాను.

అక్క తలుపు తీసింది. మనిషి సగమైపోయింది. సందెవేళ అయినా లోపల లైటు వేసుకోలేదు. నన్ను చూసి కంగారుపడింది.

"ఏమైందప్పా? ఎవురు రమ్మనిరి?"

క్షమించమని అడగడానికి దారంతా మాటలు కూర్చుకున్నాను. వాటిని పక్కనపెట్టి గడప ముందు చెప్పులు విడిచాను.

"బావ రమ్మన్నాడక్కా."

అక్క తలుపురెక్క పట్టుకుని నా మొహంలోకి చూసింది. తర్వాత పక్కకి జరిగి దారిచ్చింది.

"అవునప్పా. తొమ్మిది నెల్లనుంచీ చెప్తానే ఉండాడు" అంది.