అడిగి తెప్పించుకున్న చెనిక్కాయ ఉంటలు

చైనా యుద్ధానికి ముందు మిలిటరీలో నా పక్క మంచం జమ్మలమడుగు దస్తగిరిది. వానికి చదువు రాదు. వాళ్లమ్మకు ఉత్తరాలు నేనే రాసిపెట్టేవాణ్ణి. ఒకసారి వేరుశెనగ బెల్లం ఉండలకు నోరూరి, వానికి చెప్పకుండానే చివర్లో "చెనిక్కాయ ఉంటలు పంపమ్మా" అని చేర్చినాను. పార్సిల్ వచ్చింది. "నాకొద్దులే, నువ్వే తినప్పా" అన్నాడు దస్తగిరి. ఆ తర్వాత ప్రతి ఉత్తరంలోనూ అదే రాసేవాణ్ణి. ప్రతిసారీ వాడు అదే మాట అనేవాడు.

యుద్ధంలో దస్తగిరి చనిపోయినాడు. సెలవులో వస్తున్నానని వాళ్లమ్మకు కార్డు రాసి, మా ప్రొద్దుటూరు కంటే ముందు వాళ్లింటికే పోయినాను. "వాని నోటికాడి కూడు నేనే తిన్నానమ్మా" అని ఉంటల సంగతి ఏడుస్తూ చెప్పేసినాను.

ఆమె కొంగుతో నా కండ్లు తుడిచింది.

"వానికి చిన్నప్పటి నుంచి చెనిక్కాయలు పడవు నాయనా. తింటే ఒళ్లంతా దద్దుర్లు. ఎవరో పక్కన పిల్లోడు అడుగుతాండాడని మొదటి ఉత్తరంలోనే తెలిసింది" అనింది. లోపలికి పోయి డబ్బా తెచ్చింది. "నువ్వు వస్తాండావని చేసిపెట్టినా, తిను."

సిగ్గుతో తల ఎత్తలేకపోయినాను. అన్నీ తెలిసి కూడా వాడు నన్ను ఒక్క మాట అడగలేదే.

ఆమె బతికినన్నాళ్లూ నెలకొక ఉత్తరం నా పేరుతోనే రాసినాను. చివర్లో ఉంటలు పంపమనడం ఒక్కసారి కూడా మరిచిపోలేదు.