వెనక్కి పోని పెళ్లికారు

మా చిన్నప్పుడు... మా బాబాయి కారు ఇంటి వాకిలి దాటి నాలుగు బారలు ముందుకు పోయిందంటే, మళ్లీ ఊరంతా చుట్టి రావాల్సిందే. పిన్ని కంచంలో అన్నం పెట్టుకొని వాకిట్లో నిలబడేది.

"కూర చల్లారిపోతంది, ఎనక్కి తోలు!" అని ఆవిడ.

"ఇంకో చుట్టేసొస్తాలేవే..." అని ఆయన.

కారుకు రివర్సు గేరు లేక కాదు. ఉంది. పడదు... అంతే.

పాత తెల్లకారు అది. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది. దాన్ని తన వైపు లాక్కొని పైకి ఎత్తాలి. ఎత్తితే గర్ర్‌ర్ మని పళ్లు నూరేది. బాబాయి దిగి, బానెట్ ఎత్తి, లోపలి కడ్డీలను చేత్తో కుదిపి, పరుగున వచ్చి మళ్లీ ఎక్కేవాడు. అయినా పడేది కాదు. పిల్లలం అరుగు మీద కూర్చొని, ఆయన రాడ్డు పట్టుకోగానే నోటితో గర్ర్‌ర్... అనేవాళ్లం. చెప్పు విసిరేవాడు. ఆ చెప్పు తెచ్చుకోవడానికి మళ్లీ దిగాలి కదా, అదో పని.

అయితే లోపాన్ని గుణంగా చెప్పుకోవడం మా బాబాయికి పుట్టుకతో వచ్చిన విద్య. పెళ్లికొడుకు ఎక్కిన కారు వెనక్కి పోతే అపశకునం అనే పట్టింపు మా వైపు ఉండేది. "మా కారుకి ఎనక్కి పోవడమే తెలీదు" అని ఊరూరా చాటాడు. దాంతో శావల్యాపురం చుట్టుపక్కల ఎవరింట పెళ్లయినా ఆ కారే.

మా మేనత్త కూతురు రమణ వదిన పెళ్లికీ అదే కారు. బాబాయి ఆమెకు మేనమామ. విడిదింటి నుంచి పెళ్లికొడుకును పందిట్లోకి తెచ్చే పని ఆయనదే. వెనక సీట్లో పెళ్లికొడుకు, పక్కన అతని తండ్రి. బెల్లంకొండ వైపు మనిషి... శకునం చూడకుండా చెంబు కూడా పట్టడు. ముందు సీట్లో మా నాయనమ్మ, ఆమె ఒళ్లో నేను. కారుకు ముందు మేళం.

రాతిగోడల సందులో సగం దూరం పోయామో లేదో, ఎదురుగా ట్రక్కు నిండా మిరపకాయ టిక్కీలు... అంటే గోతాలు... వేసుకొన్న ట్రాక్టరు. మేళం ఆగింది. ముహూర్తం ముంచుకొస్తోంది.

"కారు ఎనక్కి తియ్యన్నా" అన్నాడు ట్రాక్టరు తోలే కోటయ్య. "ట్రక్కు తగిలించుకొని నేనెట్టా పోయేది?"

బాబాయి నోరు తెరిచేలోపే పెళ్లికొడుకు తండ్రి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఈ కారు ఎనక్కి కదిలిందా, మావోడు పీటల మీద కూర్చోడు. ఇట్టనే దిగి బస్టాండుకి పోతాం."

నాయనమ్మ చేయి నా భుజం మీద బిగుసుకుంది. అక్కడ వదిన గౌరీపూజ దగ్గర కూర్చొని ఉంది. బాబాయి ముఖం మాత్రం వెలిగిపోయింది. "ఆ భయమే లేదు బావగారూ, రివర్సు పడితేగా!"

ఇక కోటయ్యే తగ్గాడు. వెనక్కి తోలుతుంటే ట్రక్కు ఓసారి ఈ గోడ వైపు, ఓసారి ఆ గోడ వైపు తిరిగిపోయేది. మగపెళ్లివారు పట్టుపంచెలు ఎగ్గట్టి, భుజాలతో నెట్టి దాన్ని దారికి తెచ్చారు. మిరప ఘాటుకు సందంతా తుమ్ములు. మొదటి తుమ్ము పెళ్లికొడుకు తండ్రిదే. "ఇది ఘాటు తుమ్ము, లెక్కలోకి రాదు" అని ఆయనే తీర్పిచ్చుకున్నాడు.

దారి దొరికింది. మేళం అందుకుంది. బాబాయి దర్జాగా మొదటి గేరు వేశాడు.

ఆ కారులో మొదటి గేరుకూ రివర్సుకూ మధ్య వెంట్రుకవాసి తేడా. ఇన్నాళ్లూ బతిమాలినా, బండబూతులు తిట్టినా పడని రివర్సు... ఆ క్షణాన వెన్నలో వేలు దిగినట్టు పడింది. కారు ఒక్క ఊపున వెనక్కి దూకింది. పెళ్లికొడుకు ముందుకు తూలి, నుదుటి బాసికం మా సీటుకు కొట్టుకొని వంకరపోయింది.

సన్నాయి మధ్యలోనే తెగింది. పెళ్లికొడుకు తండ్రి తలుపు పిడి మీద చేయి వేశాడు. బాబాయి రెండు చేతులతో రాడ్డును కిందికి గుంజుతున్నాడు.

నాయనమ్మ నింపాదిగా వెనక్కి తిరిగింది.

"ఏందయ్యా, యాడికి లేస్తన్నావు? కారు ఎనక్కి పోయింది సరే... మీ పిల్లోడు ఎటు పడ్డాడు? ముందుకు! ఇంత ఇనుము ఎనక్కి లాగినా మా పిల్ల ఉన్నవైపే ఉరికాడు. ఇంతకన్నా మంచి శకునం నేను పుట్టాక చూళ్ళేదు."

ఆయన కొడుకు వైపు చూశాడు. కొడుకు బాసికం సరిచేసుకుంటూ, "నిజమే నాన్నా, ముందుకే పడ్డా" అన్నాడు.

తండ్రి పిడి మీద నుంచి చేయి తీశాడు. పెళ్లి జరిగింది.

ఇప్పుడు నా కారు రివర్సులో వేయగానే వెనక ఉన్నదంతా తెర మీద కనిపిస్తుంది... గోడ దగ్గరైతే కుయ్‌కుయ్ మని చెబుతుంది కూడా. పెళ్లిళ్లు ఊరి బయట ఫంక్షన్ హాళ్లకు పోయాయి. ట్రాక్టరు ఎదురొచ్చే సందే లేదు.

మీ ఇళ్లలోనూ చేజారిపోయే పెళ్లిని ఒక్క మాటతో పట్టి నిలబెట్టిన పెద్దావిడ ఉండే ఉంటుంది. ఆమె ఏమన్నదో కింద రాయండి... ఆమె యాసలోనే రాయండి.

కారు ఎటు పోవాలో చెప్పేవి ఇప్పుడు చానా వచ్చాయి. మనిషి ఎటు పడ్డాడో చూసి చెప్పేవాళ్లే... ముందు సీట్లో లేకుండా పోయారు.