నా మొదటి శ్రోతతో పాలమూరు దాకా

నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు నేరుగా పోయే బస్సును నమ్ముకుంటే లాభం లేదని, ఆరుంబావుకు దేవరకొండ బస్సెక్కి మల్లేపల్లిలో మారాలని లెక్క వేసుకున్నాను. తొంభైల మొదట్లో, మార్చి నెల. నాతో నా భార్య యాదమ్మ ఉంది. ఆమెకు చెవులు వినపడడం లేదు. హైదరాబాదులో ఇద్దరు డాక్టర్లు పెదవి విరిచారు. పాలమూరులో, అంటే ఆ మహబూబ్‌నగర్‌లోనే, చెవుల డాక్టరు ఒక పెద్దాయన ఉన్నాడని నేను పనిచేసే మిల్లులో ఎవరో చెబితే, ఆఖరుసారి చూద్దామని బయలుదేరాం.

నేను బియ్యం మిల్లులో లెక్కలు రాస్తాను. లెక్కలు గానీ కథలు గానీ నాకు ఎవరూ నేర్పలేదు. అప్పుడు ఒక వారపత్రికలో నా నాలుగో నవల సీరియల్‌గా వస్తోంది. రాసిన ప్రతి భాగం పంపేముందు యాదమ్మకు చదివి వినిపిస్తాను. ఆమెకు చదువు రాదు. చాటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతూ వింటుంది. అబద్ధమనిపించిన చోట ఆమె చెయ్యి ఆగుతుంది. నోటితో ఏమీ అనదు. అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకుని మళ్లీ రాస్తాను. ఇరవై ఏళ్లుగా ఇదే పద్ధతి.

ఆ చలికాలంలో వరసగా కొన్ని భాగాలు ఆమె చెయ్యి ఒక్కసారీ ఆగకుండా గడిచాయి. రాత కుదిరిందనుకుని అట్లాగే పంపాను. మనుషులు బొమ్మల్లా మాట్లాడుతున్నారని పాఠకులు అంటున్నట్టు పత్రిక నుంచి కబురొచ్చింది. ఆ సంగతి యాదమ్మకు చెబుతుంటే కూడా ఆమె తల ఎత్తకుండా రాళ్లేరుతూనే ఉంది. ఆమెకు వినబడడం లేదని అప్పుడు గాని నాకు తెలియలేదు.

మల్లేపల్లి చేరేసరికి ఎనిమిదైంది. ఈ దారిన పోయేవాళ్లు ఇక్కడే కడుపు నింపుకోవాలి. కల్వకుర్తి దాకా చాయ తప్ప ఏమీ దొరకదు. ఇడ్లీ తిని నిలబడితే, గంట ఆలస్యంగా కల్వకుర్తి బస్సు వచ్చింది. రోడ్డుకు రెండు వైపులా బోడిగుట్టలు, ఎండిన ఆముదం చేలు. ఒక ఊరి దగ్గర మూటలు, గిన్నెలు, పారలు పట్టుకుని పది కుటుంబాల కూలీలు లారీ కోసం నిలబడి ఉన్నారు. ఎక్కడికని కండక్టర్ను అడిగితే, "ఎక్కడ ప్రాజెక్టు కట్ట పోస్తే అక్కడికి సార్," అన్నాడు.

యాదమ్మ పక్కన గాజులమ్మే నడివయసు తురకామె కూర్చుంది. కాసేపటికి మాటల్లో పడింది. బిడ్డ కాన్పులో చనిపోయిందట. అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకుని మనవరాలి ముఖం కూడా చూపించడం లేదట. చెబుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. యాదమ్మ ఆమె ముఖంలోకి చూస్తూ సరైన చోటల్లా తల ఊపింది, రెండుసార్లు "అయ్యో" అంది. కల్వకుర్తిలో దిగుతూ ఆ గాజులామె నాతో, "భాయ్, నీ ఇంటామె శానా మంచిగ ఇంటది. మా సొంత చెల్లె గూడ గింత ఓపికతోని ఇన్లే," అంది.

ఆమె పోగానే యాదమ్మ నా వైపు తిరిగి, బస్సంతా వినబడేట్టు, "పాపం, ఏమైందంట ఆమెకు?" అని అడిగింది.

నా భాగాలు కూడా ఇట్లాగే విన్నదన్న మాట.

కల్వకుర్తిలో మరో బస్సెక్కి, జడ్చర్ల మీదుగా పాలమూరు చేరేసరికి ఒంటిగంట. బస్టాండుకు ఎదురుగా లాడ్జిలో గది తీసుకున్నాం. ముప్పై రూపాయల కిరాయి, దుప్పటి మాత్రం మనదే తెచ్చుకోవాలి. సాయంత్రం డాక్టరు చూశాడు. మోత మోగే రెండు కొమ్ముల ఇనుప కడ్డీని తన మోకాలికి కొట్టి ఆమె చెవి వెనక పెట్టాడు, తర్వాత నుదుటి మీద పెట్టాడు. "నరం పోయిందయ్యా. మిషన్ పెట్టినా ఉత్త మోతే. పైసలు పారేసుకోకు," అన్నాడు.

ఇన్ని నవలలు రాసినవాణ్ని, ఆ మాట ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియక నిలబడ్డాను. ఆమె నా ముఖం చూసింది.

"కాదన్నడు గదా?"

తల ఊపాను.

"అయితే రేపు పొద్దటి ఆటకు సినిమాకు పోదాం. గింత దూరం వచ్చినం."

మర్నాడు పోయాం. తల్లీకొడుకుల కథ. కొడుకు ఇల్లు విడిచిపోతుంటే తల్లి గుమ్మం పట్టుకుని కుమిలిపోతోంది. హాలంతా ముక్కులు ఎగబీలుస్తున్నారు. యాదమ్మ గట్టిగా అంది: "గీమె ఏడుస్తలేదు. చీర నలగకుండ చూసుకుంటాంది."

వెనక నుంచి ఒకడు, "అమ్మా, జర మెల్లగ!" అన్నాడు. ఇంకొకడు, "గామె టికెట్ పైసలు వాపస్ ఇయ్యుండ్రి," అంటే అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా పేజీల్లో అట్లా చీర సర్దుకున్న తల్లులెందరో అనుకున్నాను.

రెండున్నరకు తిరుగు బస్సు. జడ్చర్ల దాటాక యాదమ్మ, "ఇగ నాకు సదవకు. ఇన్నట్టు తల ఊపుడు నాతోని కాదు," అంది. సరేనని తల ఊపాను. మళ్లీ మొదలుపెట్టింది. తన గొంతు తనకు వినబడదు కాబట్టి మా ఇంటి సంగతి బస్సంతా విన్నది.

"మీ అమ్మ సచ్చిన నాడు నేను ఏడ్వలే. నీ రెండో పుస్తకంల నన్ను పొర్లి పొర్లి ఏడ్పించినవ్. ఆ దినం పొయ్యికాడ కూసోని అన్నం తిన్న. ఆకలైంది. అన్నేండ్లు మంచంల పడ్డామెకు అన్నీ ఎత్తిపోసిన దాన్ని."

నాకు పేరు తెచ్చిన ఘట్టం అదే. దాన్ని చదివి వినిపించినప్పుడు ఆమెకు చెవులు బాగానే ఉన్నాయి. రాళ్లేరుతున్నట్టు వేళ్లాడించి, ఆపి చూపించాను: మరి అప్పుడు ఎందుకు ఆపలేదని.

ఆమెకు అర్థమైంది.

"నువ్వు సదువుకుంట ఏడుస్తున్నవ్. ఎట్ల ఆపుత?"

ముందు సీటులోని ముసలామె వెనక్కి తిరిగి యాదమ్మను ఒకసారి చూసి మళ్లీ ముందుకు తిరిగింది.

పాలమూరు డాక్టరు నిజం చెప్పే మనిషి, కావలసినవాళ్లు పోవచ్చు. దారి కష్టమే గాని పోలేనిదేమీ కాదు. ఇరవై ఏళ్లుగా ఒక మనిషి ముందు కూర్చుని చదివాను. ఆమె తప్పులే చూస్తోందనుకున్నాను, నన్ను కూడా చూస్తోందని అనుకోలేదు.

"ఇంకా ఎన్ని చోట్ల ఊకున్నవ్?" అని అడిగాను.

యాదమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.