ఆ క్లిప్‌లో ఉన్నది మా యాదన్న

నిన్న సాయంత్రం అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే దోస్తు ఫోన్.

"యాదన్న పోయిండు రా. హార్ట్ ఎటాక్."

మొన్ననే కృష్ణానగర్‌లో కలిసి చాయ్ తాగాం.

రాత్రి నుంచీ అందరి స్టేటస్‌లలో ఒకటే క్లిప్. బానిసల వ్యాపారం మీద తీసిన ఓ చారిత్రక సినిమాలోది. నెత్తురు మొహంతో మనుషుల్ని గోడకేసి కొడుతున్న యాదన్న. కింద "క్రూరమైన విలన్ ఇక లేడు" అని.

ఒళ్లు మండిపోయింది. అందుకే రాస్తున్నా.

ఆ సీన్‌లో గొలుసులతో కట్టేసిన బానిసల్లో నేనూ ఉన్నాను. ఓడ అడుగున చీకటి గది సెట్. యాదన్న సినిమాల్లో స్టంట్లు చేసే ఫైటర్. మమ్మల్ని అమ్ముకునే షావుకారు వేషం. అతని కొరడా ఉత్త నూలుతాడు. అయినా ప్రతి టేక్ ముందూ మా భుజాలు తాకి "తమ్మీ, మాఫ్ చెయ్" అనేవాడు. ఫైటర్ల పద్ధతి అది.

డైరెక్టర్‌కి నచ్చలేదు.

"నొప్పి కనబడట్లేదండీ. కాపలావాళ్లకి నిజం కర్రలివ్వండి."

కాపలావాళ్లంటే ఎవరు? మా కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టులే. పొద్దున మాతో ఒకే ప్లేట్లో ఇడ్లీ తిన్నవాళ్లే.

మొదటి దెబ్బ మెల్లగానే పడింది. తర్వాత వాళ్లకి ఏం పూనిందో! ఒకడిని చూసి ఒకడు రెచ్చిపోయాడు. నా వీపు చీలింది. పక్కవాడి పన్ను ఊడి నా ఒళ్లో పడింది.

"ఆపుండ్రి!" అని అరిచాను.

"సూపర్! కంటిన్యూ!" అన్నాడు డైరెక్టర్. ఎంత నిజంగా ఏడిస్తే అంత మంచి యాక్టింగ్ మరి.

చివరికి "యాదన్నా, సచ్చిపోతున్న!" అన్నాను.

బానిస నోట్లోంచి తన అసలు పేరు వినగానే, ఇది నటన కాదని యాదన్నకి అర్థమైపోయింది. కొరడా పారేసి నా మీద అడ్డం పడ్డాడు. కర్ర అతని నెత్తి మీద విరిగింది. లేచి, రక్తం కారుతుండగానే, ఆ కాపలావాళ్లని గోడకేసి బాదాడు.

కెమెరా ఆగలేదు. సినిమాలో ఆ చివరి ముక్కే ఉంచారు. కథలో షావుకారుకి పిచ్చెక్కిందట! హాల్లో విజిల్సే విజిల్స్.

ఇవాళ పొద్దున పంజాగుట్ట శ్మశానం దాకా పాడె మొయ్యడానికి చొక్కా విప్పాను. యాదన్న కూతురు నా వీపు మీద మచ్చలు చూసింది. ఆ పిల్ల కూడా ఆ క్లిప్ చూసింది మరి.

"బాబాయ్, గివి మా డాడీ కొట్టినయేనా?"

"కాదు బిడ్డా. మీ డాడీ అడ్డం రాకుంటే నేను గా సెట్ మీదనే సచ్చిపోతుంటి."

అప్పటిదాకా బిగబట్టుకున్న పిల్ల తండ్రి మీద పడి ఏడ్చింది.

ఆ క్లిప్ తీసెయ్యండి. దండం పెడతా.

పోయిరా అన్నా. హాయిగా, ప్రశాంతంగా పడుకో.