పెట్టమన్న లింకు తీసెయ్యమనడం

ఆ ఏడు తొలి వానలు పడ్డ వారంలో నన్ను యాంగోన్ రేవు పక్క బోటాటౌంగ్‌లోని ఒక వెబ్‌సైట్ల కంపెనీలో ఆఫ్-పేజ్ ఎగ్జిక్యూటివ్‌గా తీసుకున్నారు. దేశంలో సిమ్ కార్డు మామూలు మనిషి చేతికి అందిన కొత్తలవి. అంతకు ముందు నేను అదే వీధిలో ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర గుమస్తాని. మా తాత ఆ రేవులో మూటలు మోశాడు, మా నాన్న మోసేవాళ్ళ మీద మేస్త్రీ చేశాడు, నేను ఆ మూటల గురించి కాగితాలు రాశాను. ఏజెంటు దుకాణం కట్టేశాక అతని ఆఫీసు ఉన్న గోదాం పై అంతస్తులోనే ఈ కంపెనీ వెలిసింది. కాబట్టి నా వృత్తి మారింది గాని ఎక్కే మెట్లు మారలేదు, కింది నుంచి వచ్చే ఎండుచేపల వాసనా మారలేదు.

ఆఫ్-పేజ్ అంటే ఏమిటో చెప్పాలి. ఒక వెబ్‌సైటులో లోపల రాసుకునేదంతా ఆన్-పేజ్. దాన్ని ఏసీ గదిలో కూర్చుని కుర్రకారు చూసుకునేవారు. బయటివాళ్ళు ఆ సైటు గురించి చెప్పేది ఆఫ్-పేజ్. వేరే సైటువాడు తన పేజీలో మన సైటుకు దారి పెడితే దాన్ని బ్యాక్‌లింక్ అంటారు. సెర్చ్ ఇంజన్ దాన్ని సిఫారసుగా లెక్కేసుకుని మనల్ని వరసలో పైకి జరుపుతుంది. పెద్దమనిషి చేత ఒక మాట చెప్పించుకుంటే పని జరుగుతుందని మా నాన్నకు కూడా తెలుసు. ఇంత పాత సంగతికి ఇంత కొత్త పేరు పెట్టి జీతాలు పంచుతున్న మహానుభావులెవరో గాని వాళ్ళకు దణ్ణం పెట్టాలి.

నా పైఅధికారి కో జేయా. సింగపూర్‌లో కోర్సు చదివొచ్చాడు. హోదా హెడ్ ఆఫ్ గ్రోత్. వయసులో నాకు కొడుకు లాంటివాడు, సలహాలివ్వడంలో మాత్రం తండ్రి లాంటివాడు. ఆయన దగ్గర ఒక నమూనా ఈమెయిల్ ఉండేది. ‘ప్రియమైన వెబ్‌మాస్టర్ గారికి’ అని ఇంగ్లీషులో మొదలై, మీ సైటు చూసి ముగ్ధులమయ్యాం అంటూ సాగి, చివర్లో ఒక లింకు పెట్టమని అడిగేది. దాన్ని ఊళ్ళో ఉన్న సైట్లన్నిటికీ పంపించాడు. ఒక్కరైనా పలికితే ఒట్టు. యాంగోన్‌లో వెబ్‌సైటు ఉన్న మనిషికి ఈమెయిల్ కూడా ఉంటుంది. దాని పాస్‌వర్డు మాత్రం ఫోను అమ్మిన షాపువాడి దగ్గర ఉంటుంది. ఆ షాపువాడు ఈపాటికి మలేషియా వెళ్ళిపోయి ఉంటాడు.

అప్పుడు నేను పని నా పద్ధతిలో మొదలుపెట్టాను. బస్సెక్కి సైటు యజమాని ఇంటికో దుకాణానికో వెళ్ళడం. మొదటిసారి పని మాట ఎత్తకూడదు. టీ తాగి, పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు మాట్లాడి రావాలి. రెండోసారి అరటిపళ్ళు పట్టుకెళ్ళి, వచ్చేముందు గుమ్మంలో నిలబడి అప్పుడే గుర్తొచ్చినట్టు లింకు సంగతి చెప్పాలి. ఈ పద్ధతి ఎక్కడా విఫలం కాలేదు. కారణం నా ప్రతిభ కాదు. బర్మావాళ్ళకు ఆనా అని ఒకటుంది. ఎదుటిమనిషి ముఖం చిన్నబుచ్చుకుంటాడేమోనని కాదనలేకపోవడం. మనం దాన్నే మొహమాటం అంటాం. రంగంలో, అంటే ఈ యాంగోన్‌లో, పుట్టిన తెలుగువాడికి ఆనా, మొహమాటం రెండూ ఉంటాయి. ఇల్లు తగలబడుతున్నా వచ్చిన చుట్టాన్ని టీ తాగకుండా పంపలేడు.

ఇంతలో నాకు మా నీలా సైటు పని అప్పజెప్పారు. ‘మా’ అంటే ఇక్కడ ఆడపిల్లను పిలిచే మర్యాద మాట. ఇంట్లో పేరు నీలవేణి. తండ్రి తెలుగు, తల్లి బర్మీస్. వాగు అవతల తాకేటా పేటలో తండ్రి పెట్టిన కట్టుడు పళ్ళ దుకాణాన్ని ఆయన పోయాక తనే నడిపేది. మైనంలో అచ్చు తీయడం దగ్గర్నుంచి పళ్ళు చిగుళ్ళకు అమిరేదాకా అంతా తనే. పని నికార్సుగా చేస్తుంది. అయితే వాగుకు ఈవల ఒక పెద్ద డెంటల్ క్లినిక్ తెరిచారు. అద్దాల తలుపులు, నవ్వే అమ్మాయి బొమ్మ. ఫోనులో కట్టుడు పళ్ళు అని కొడితే ముందు ఆ నవ్వే వచ్చేది. నీలవేణి దుకాణం ఎక్కడో అడుగున, ఎవరూ తొంగి చూడని పేజీలో ఉండేది.

మొదటిరోజే నా ముఖం మీద చెప్పింది. “మావయ్యా, దీపాల పండక్కి నా గిరాకీ పెరక్కపోతే దుకానం మూసీడమే. ఆ క్లినిక్కోలు రమ్మంటన్నారు. అచ్చులు తీసిన పని ఇస్తారట. నాన్న పేరున్న బోర్డు దించీసి ఆళ్ల కోటు తొడుక్కోవాల. అది నా వల్ల కాదు.”

అని ముఖం తిప్పుకుని చేతిలోని కట్టుడు పళ్ళ వరస నున్నగా రుద్దుతూ కూర్చుంది. నాకు ఆ పిల్ల మీద జాలి వేసింది, ఆ క్లినిక్ మీద ఒళ్ళు మండింది. ఆఫ్-పేజ్ ఎగ్జిక్యూటివ్‌కు ఈ రెండూ ఉండకూడదని కో జేయా కోర్సులో చెప్పే ఉంటారు.

సరే, లింకులకు బయల్దేరాను. ముందు ఊరి ఉత్తరపు కొసన ఇన్సేన్ పేటలో ఊ సో. ‘ఊ’ అంటే పెద్దవాళ్ళ పేరు ముందు పెట్టే మర్యాద మాట. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి. తల్లి శ్రీకాకుళం మనిషి, అందుకని తెలుగు వచ్చు. పాత రైలు ఇంజన్ల ఫోటోలు తీసి సైటులో పెట్టడం ఆయనకు ప్రాణం. కూతురు తయారుచేసిచ్చిన ఆ సైటు అంటే సెర్చ్ ఇంజన్‌కూ గౌరవమే. చాలా ఏళ్ళుగా ఉన్నది, నిజమైన మనుషులు చూసేది. తరువాత మా తెలుగువాళ్ళ గుడి కమిటీ సైటు. ఆ పైన స్టిక్కర్లు అచ్చువేసే ఒకాయన. అందరికీ ఒకే మాట చెప్పాను: ఒక్క పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో పెట్టండి చాలు. లింకు మీద కనపడే మాటల్ని యాంకర్ టెక్స్ట్ అంటారు. కో జేయా ఆదేశం ప్రకారం అదీ రాసిచ్చాను: ‘తాకేటాలో నమ్మకమైన కట్టుడు పళ్ళు’.

కొన్నాళ్ళకు నీలవేణి దుకాణం పైకి రావడం మొదలైంది. మూడో పేజీ, రెండో పేజీ, ఒకరోజు పొద్దున్న చూస్తే మొదటి పేజీ, నవ్వే అమ్మాయికి సరిగ్గా కింద. ఊరవతల నుంచి ఫోన్లు రాసాగాయి. నీలవేణి ఒక సహాయకురాలిని పెట్టుకుంది, బోర్డుకు కొత్త రంగు వేయించింది. కో జేయా నన్ను సీనియర్ ఆఫ్-పేజ్ ఎగ్జిక్యూటివ్‌ను చేశాడు. జీతం పెరగలేదు గాని కుర్చీకి చేతులు వచ్చాయి.

ఆ కుర్చీ చేతులకు నా మోచేతులు అలవాటు పడకముందే నీలవేణి ఫోను చేసింది.

“మావయ్యా, నా దుకానం పేరు కొట్టినా నా దుకానం రావట్నేదు! ఏటి సేసినారు మీరు?”

చూశాను. నిజమే. కింద ఉండడం కాదు, అసలు లేదు. సెర్చ్ ఇంజన్‌వాళ్ళ నుంచి నోటీసు వచ్చి ఉంది. ఈ సైటుకు అసహజమైన లింకులు కనబడుతున్నాయి, అందుచేత శిక్ష వేశాం అని. దీన్ని మాన్యువల్ యాక్షన్ అంటారు. యంత్రం కాక అక్కడెవరో మనిషి స్వయంగా చూసి వేసే శిక్ష.

ఎక్కడ అసహజం అని లింకులు తెరిచి చూస్తే సంగతి తెలిసింది. ఒక్క పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో అని నేనంటే, ఊ సోకు అది పిసినారితనంగా తోచింది. ఇంటికొచ్చి నోరు తెరిచి అడిగినవాడికి అంత చిన్నగా పెడితే ఏం బాగుంటుంది? ప్రతి పేజీలోనూ పెట్టాడు. ప్రతి ఇంజను ఫోటో కింద, ఎర్రటి లావు అక్షరాల్లో. బొగ్గు ఇంజను కింద తాకేటాలో నమ్మకమైన కట్టుడు పళ్ళు. డీజిలు ఇంజను కింద తాకేటాలో నమ్మకమైన కట్టుడు పళ్ళు. గుడి కమిటీవాళ్ళు మరీ పెద్ద మనసు చేసుకుని అమ్మవారి ఫోటోకు పైన పెట్టారు. స్టిక్కర్లాయన తన సైటులో పెట్టింది చాలక, బావమరిదికి చెప్పి, ఆ బావమరిది నడిపే ఫుట్‌బాల్ సైటులోనూ పెట్టించాడు. అన్నిచోట్లా అవే మాటలు, అక్షరం పొల్లు పోకుండా. ఎక్కడో కూర్చున్న ఆ పరీక్షాధికారి దీన్ని చూసి పెద్ద ముఠా అనుకోకుండా ఏమనుకుంటాడు? పాపం, అది మర్యాద అని అతనికెలా తెలుస్తుంది?

కో జేయా తాపీగా విధానం వివరించాడు. ఆ లింకులతో మాకు సంబంధం లేదని చెప్పుకునే డిస్అవౌ అనే ఫైలొకటి ఉంది. కాని అది ఆఖరి అస్త్రం. ముందు సైటు యజమానుల్ని అడిగి లింకులు తీయించాలి, ఆ ప్రయత్నం చూపించాలి, అప్పుడు పునఃపరిశీలనకు అర్జీ పెట్టుకోవాలి. “ఊలే, మీకు వాళ్ళందరితో మంచి రిలేషన్ ఉంది కదా, చాలా ఈజీ” అన్నాడు. ఊలే అంటే బాబాయి. కష్టమైన పని చెప్పేటప్పుడే ఆయనకు నేను బాబాయినయ్యేవాణ్ణి.

ఇన్సేన్ వెళ్ళాను. ఊ సో ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. నేను నోరు విప్పేలోపే ఆయన మొదలెట్టాడు. “అప్పన్నా, మీ లింకు సూసినావా? ఎలగుంది? ఇంకా పెద్దగా ఎయ్యమంటే ఎయ్యిస్తాను. మా అమ్మాయి మెరిసీలాగ కూడా సెయ్యొచ్చంటంది.”

భార్య టీ తెచ్చింది, వేయించిన గుమ్మడికాయ ముక్కలు తెచ్చింది. తింటూ కూర్చున్నాను. చెప్పాలి చెప్పాలి అనుకుంటూ టీ అయిపోయింది, రెండో టీ కూడా అయిపోయింది. లేచి చెప్పులు తొడుక్కున్నాను. “చాలా బాగుంది” అన్నాను. అది విని ఆయన సంతోషం పట్టలేక, వర్క్‌షాపు పెన్షనర్ల సైటులో కూడా పెట్టిస్తానని మాటిచ్చాడు. లింకు తీయించడానికి వెళ్ళి ఇంకో లింకు సంపాదించుకుని వచ్చిన ఎగ్జిక్యూటివ్ ఈ వృత్తిలో నేనొక్కణ్ణే అనుకుంటాను.

ఈ విజయగాథ నీలవేణికి చెప్పాను. మొదట నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “మీకు మొకమాటం, ఆయనకి ఆనా. మద్దిన ములిగిపోతన్నది నాను. పదండి, నానే అడుగుతాను” అంది.

ఇద్దరం రైలెక్కి వెళ్ళాం. దారిపొడుగునా నేను ఆ పిల్లకు ఎలా మొదలెట్టాలో చెప్తూనే ఉన్నాను. ముందు ఇంజన్లను మెచ్చుకో, తరువాత ఆరోగ్యం అడుగు, ఆపైన మెల్లగా... అది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది గాని ఒక్క మాట వినలేదు.

ఊ సో కుర్చీ చూపించేలోపే గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని పెద్దవాళ్ళకు పెట్టే దణ్ణం పెట్టింది. తలెత్తి తిన్నగా చెప్పేసింది. “ఊలే, తప్పుగా అనుకోకండి. మీరు నాకు మేలు సెయ్యాలనే సేసినారు. కానీ మీరు పెట్టిన దానివల్లే నా దుకానం కనపడకుండా పోనాది. అన్నీ తీసీండి. ఒక్కటి కూడా వొద్దు. తియ్యకపోతే నాను దుకానం మూసీవాల.”

నేను గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.  ఊ సో ముఖంలో రంగు పోయింది. తరువాత, “నాను సెడగొట్టీనానేటి?” అన్నాడు. నీలవేణి అవునంది.  ఆయన కూతుర్ని పిలిచి కంప్యూటరు తెరిపించి, పక్కన కూర్చుని, ఒక్కొక్క ఇంజను కిందినుంచి తీయించాడు. అయిపోయాక టీ ఇప్పించాడు. గుమ్మడికాయ ముక్కలు మాత్రం రాలేదు.

గుడి కమిటీ దగ్గరా, స్టిక్కర్లాయన దగ్గరా కూడా ఆ పిల్లే మాట్లాడింది. అమ్మవారి నెత్తి మీంచి పళ్ళు దిగాయి. అర్జీ పెట్టాం. ఒకసారి తిప్పికొట్టారు, రెండోసారి ఒప్పుకున్నారు. పండగనాటికి దుకాణం రెండో పేజీలోకి వచ్చింది. నవ్వే అమ్మాయిని దాటలేదు గాని, వెతికినవాడికి దొరికేది. అది చాలింది. బోర్డు దిగలేదు. ఈ మొత్తం వ్యవహారాన్ని కో జేయా ఒక హోటల్లో జరిగిన సభలో రంగురంగుల బొమ్మలతో వివరించి చప్పట్లు కొట్టించుకున్నాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు లింక్ ప్రొఫైల్ క్లీనప్ స్ట్రాటజీ. అందులో ఎక్కడా నీలవేణి లేదు, మోకాళ్ళ మీద కూర్చోవడమూ లేదు.

పండగ వెళ్ళాక అరటిపళ్ళు పట్టుకుని ఇన్సేన్ వెళ్ళాను. ఊ సో భార్య గుమ్మంలోనే నిలబడి, ఆయన ఇంట్లో లేడని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆయన చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. లోపల దగ్గు వినపడింది. ఆవిడా విన్నది, నేనూ విన్నాను. పళ్ళు ఆవిడ చేతిలో పెట్టి, వచ్చానని చెప్పమని వచ్చేశాను. మళ్ళీ రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఆయన ఇంట్లో లేడు.

ఆ తరువాత రిటైరయ్యేదాకా నేను ఎవరిని లింకు అడిగినా, అడిగిన నోటితోనే రేపు తీసెయ్యమని అడగడానికి కూడా రావలసి రావచ్చని చెప్పేవాణ్ణి. దానివల్ల లింకులు తగ్గాయి, కో జేయా మందలించాడు. అయినా మానలేదు. సెర్చ్ ఇంజన్ తీసుకున్న అర్జీకి జవాబిస్తుంది, ఆలస్యమైనా క్షమిస్తుంది. ఊ సో దగ్గర అర్జీ పెట్టుకునే పద్ధతి ఏదో నాకు ఇప్పటికీ తెలియదు.