అత్తమ్మ, నేను, రెండు బకెట్లు

పెళ్లయిన ఆరేళ్ల దాకా మా అత్తమ్మ నాతో నేరుగా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కోపమేమీ లేదు, వాళ్ల పద్ధతి అంత. అల్లుడి ముందు మంచం మీద కూర్చోదు, నెత్తి మీది కొంగు జారనివ్వదు. మామ బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన రెండేళ్లకే పోయాడు. నస్పూర్‌లో కంపెనీ క్వార్టర్ అప్పటికే అప్పజెప్పేశారు కాబట్టి అత్తమ్మ కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చింది. రెండు గదుల కిరాయి ఇల్లు. అంత చిన్న ఇంట్లో కూడా నాకు చెప్పాల్సింది మా పాపతోనే చెప్పించేది. నేను ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, "మీ బాపును అన్నం తినుమను" అనేది. పాప నా వైపు తిరిగి అదే మాట అప్పజెప్పేది. నేను పాపతోనే సరే అనేవాణ్ని.

ఆమెతో కలిసి నేనొక పని పెడతానని అప్పుడెవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ని.

మాది నేతపని కుటుంబం. పవర్‌లూమ్‌ను మా దగ్గర సాంచె అంటారు. పన్నెండేళ్లు సాంచెల మీద బతికాను. నెలలో సగం రోజులు పని, సగం రోజులు ఖాళీ అన్నట్టు అయ్యాక, నా భార్యకు కరీంనగర్‌లో ఒక చీరల షోరూంలో పని దొరికితే ఇక్కడికి వచ్చేశాం. నేను ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా చేరాను. ఈ పని నాకు అక్కడే తగిలింది.

మూడో అంతస్తులో కిరాయికున్నవాళ్లు ఖాళీ చేసిపోతూ వంటింటి గోడల నిండా జిడ్డు, బాత్రూముల్లో పాచి వదిలిపోయారు. ఓనరు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. రెండు రోజుల్లో కొత్తవాళ్లు దిగుతున్నారు, శుభ్రం చేసే మనిషి ఎవరైనా దొరుకుతారా అని నన్ను అడిగాడు. నేనే చేస్తానన్నాను. ఒక పగలంతా పట్టింది. సాయంత్రం కడిగిన అద్దాల్లోంచి ఎండ వచ్చి బండల మీద పరుచుకుంటే, ఒక్క పోగు తెగకుండా బట్ట తాను మొత్తం దిగినప్పుడు కలిగే తృప్తి కలిగింది. పొద్దున చెప్పులతోనే గదులన్నీ తిరిగిన ఓనరు, సాయంత్రం గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఆయనకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. నేను మాత్రం గమనించాను.

ఇండ్లల్లో రోజూ ఊడ్చి తుడిచే పనిమనుషులు ఊరి నిండా ఉన్నారు. ఇంటిని పై నుంచి కింది దాకా ఒక్క రోజులో కడిగిచ్చేవాళ్లు లేరు. వీధికి రెండు కొత్త ఇండ్లు లేస్తున్నాయి, నెలనెలా ఎవరో ఒకరు ఇల్లు మారుతున్నారు. ఇది నడుస్తుందని నాకు గట్టిగా అనిపించింది. వాచ్‌మన్ పని మానేశాను. నా భార్య ఒక రోజంతా ఆలోచించి, దాచుకున్న దాంట్లోంచి ఒక నెల కిరాయంత సొమ్ము నా చేతిలో పెట్టింది. ఇంతే ఉంది, మళ్లీ అడగొద్దు అని చెప్పింది. రెండు పెద్ద బకెట్లు, మాపు కర్రలు, వైపరు, బూజు కర్ర, లప్పం గీకే రేకులు, ఫినాయిల్ కొన్నాను. నిచ్చెనకు సరిపోలేదు. పెయింటు షాపాయన రోజు కిరాయికి ఇస్తానన్నాడు. జిరాక్స్ షాపులో చిన్న కాగితాలు తీయించి కిరాణా కొట్లలో, పాల సెంటర్లలో అంటించాను.

ఫోన్లు బాగానే వచ్చాయి. ఎత్తగానే మగ గొంతు విని కొందరు పెట్టేసేవాళ్లు. కొందరు రమ్మని, నేను బకెట్‌తో గేటు ముందు నిలబడితే, ఆడమనిషి రాలేదా అని అడిగి తిప్పి పంపేవాళ్లు. రెండు వారాలు ఒక్క ఇల్లూ దొరకలేదు. చివరికి ఒక పెద్దామె మర్యాదగానే విషయం చెప్పింది.

"నువ్వు మంచోనివే కావచ్చు తమ్మీ. ఇంట్ల నేనొక్కదాన్నే ఉంట. మొగమనిషిని పడకగది దాక ఎట్ల రానియ్యాలె?"

ఆమె మాటలో తప్పేముంది? ఆ రాత్రి అన్నం తింటూ నా భార్యకు ఇదంతా చెప్పాను. షోరూంలో ఆమెకు సెలవు దొరకదు. జీతానికి మనిషిని పెట్టుకునే శక్తి నాకు లేదు. వంటింటి గడప దగ్గర కూర్చున్న అత్తమ్మ పాపను దగ్గరికి పిలిచింది.

"రేపటి సంది అమ్మమ్మ అస్తదట అని మీ బాపుకు చెప్పు."

పాప చెప్పింది. నేను కుదరదన్నాను. అత్తతో పరాయి ఇండ్లు కడిగించాడని జనం అనరా? మరుసటి రోజు, సంగతి ఎలా తెలిసిందో, నన్ను కన్న అవ్వ ఊరి నుంచి ఫోన్ చేసి అదే అడిగింది, ఇంకా పెద్ద గొంతుతో. అత్తమ్మ పాపను బడికి పంపి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, వాకిట్లో నా మోటరుబండి దగ్గర నిలబడింది. బండి తీశాను. ఆమె ఒక పక్కకు కూర్చుని, మా ఇద్దరి మధ్య ఒక బకెట్ పెట్టుకుంది. రెండోది ఒడిలో పెట్టుకుంది. వీధి చివరి టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు మమ్మల్ని చూసి నవ్వారు. మలుపు తిరిగేదాకా నా చెవులు మండాయి.

మొదటి ఇల్లు ఆ పెద్దామెదే. నేను పైపు పట్టుకుని నేరుగా నీళ్లు కొట్టబోయాను. వెనక నుంచి అత్తమ్మ, గోడతో మాట్లాడుతున్నట్టు, "ముందుగాల బూజు కొడితె మంచిగుండు" అంది. కాసేపటికి కిటికీతో, "దుమ్ము తడిస్తె బురదయితది, పొడిగున్నప్పుడే దులపాలె" అంది. బొగ్గుబాయి పక్కన కాపురం చేసిన మనిషి. పొద్దున తుడిచిన బండ మధ్యాహ్నానికి నల్లబడే ఇంట్లో పిల్లల్ని పెంచింది. దుమ్ము ఎక్కడ కూర్చుంటుందో, ఎటు నుంచి వస్తుందో ఆమెకు చూడకుండానే తెలుసు. తలుపు చట్రం మీద, ఫ్యాను రెక్క వెనక, స్విచ్చు బోర్డు అంచున వేలు పెట్టి గీసి, ఆ వేలు నాకు కనపడేలా పట్టుకునేది. నేను వెళ్లి తుడిచేవాణ్ని. సాయంత్రం వెళ్లేటప్పుడు పెద్దామె తన చెల్లెలి ఇంటి అడ్రసు రాసిచ్చింది.

నేను ఒకే ఒక్క నియమం పెట్టాను. బాత్రూములు నావి, ఆమె వాటి జోలికి రాకూడదు. పాప ద్వారా ఆ మాట చెప్పించాను. ఆమె ఒప్పుకుంది, కానీ నేను కడిగాక వచ్చి మూలలు చూసేది.

నాలుగో ఇల్లు ఒక కొత్త ఇల్లు. రెండు రోజుల్లో గృహప్రవేశం. పూజగదిలో తెల్ల మార్బుల్ వేయించారు. దాని మీద సిమెంటు చుక్కలు పడి గట్టిపడ్డాయి. అత్తమ్మ తడి గోనెసంచి వాటి మీద పరిచి, అరగంట నాననివ్వమన్నట్టు చేయి చూపించి మేడ మీదికి పోయింది. నాకు ఆ అరగంట ఎక్కువనిపించింది. బాత్రూం కోసం తెచ్చిన యాసిడ్ సీసా చేతికి దగ్గరగా ఉంది. గోనెసంచి తీసి నాలుగు చుక్కల మీద పోశాను. నురుగు లేచింది. సిమెంటు పోయింది. నీళ్లు కొట్టి చూస్తే దాంతోపాటు బండ మెరుపు కూడా పోయింది. రొట్టెలు కాల్చే పెంకంత మచ్చ, పాలిపోయి, గరుకుగా. ఎంత తుడిచినా పోలేదు. దేవుడి పీట కింద ఒక చాప పరిస్తే కనపడదేమో అని చాప కోసం చుట్టూ చూస్తున్నాను.

అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. బండను చూసింది, నన్ను చూసింది. అక్కడ పాప లేదు, గోడతో చెప్పే మాటా కాదు.

"అల్లుడా, పోయి ఇంటాయనకు చెప్పు. ఆయన చూసి మనల పిలిస్తె మన మాట చెల్లది."

తలెత్తి ఆమెను చూశాను. అంతవరకు ఆమె కళ్లల్లోకి చూసినట్టు నాకు గుర్తు లేదు. "భయమైతుంది అత్తమ్మా" అన్నాను. అది కూడా నేను ఆమెతో నేరుగా అన్న మొదటి మాటే.

"కాదా మరి. నడువు, నేనస్త."

ఇంటాయన చాలాసేపు తిట్టాడు. కొత్త ఇల్లు, పూజగది, ఎల్లుండి ముహూర్తం. ఆయన బాధ న్యాయమైనదే. అత్తమ్మ కొంగు సర్దుకుని నా పక్కనే నిలబడింది. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడు, రేపు పొద్దుగాలకల్లా పాలిష్ మనిషిని తెచ్చి మునుపటి లెక్క చేయించి ఇస్తామని చెప్పింది. ఆయన నమ్మలేదు, అయినా కాదనలేదు.

పాలిష్ మనిషి కోసం సాయంత్రం దాకా బండల షాపులన్నీ తిరిగాం. దొరికినవాడు రాజస్థాన్ నుంచి వచ్చినవాడు, తెలుగు రాదు. నాకు హిందీ అంతంతే. అత్తమ్మ ముందుకొచ్చి గలగలా మాట్లాడింది. క్వార్టర్లలో ఆమె గోడకు అటువైపు బీహారువాళ్లు, ఇటువైపు మరాఠీవాళ్లు ఉండేవాళ్లట. వాళ్ల హిందీ, మరాఠీల్లో తన తెలుగు కలిపి, మాకు జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆయన నవ్వి మరుసటి రోజు తెల్లవారకముందే మెషిన్ తెచ్చాడు. రెండు గంటల్లో మెరుపు తిరిగి వచ్చింది. ఇంటాయన వంగి వేలితో రాసి చూసి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ పిలవలేదు. ఆ ఇంట్లో మాకు మిగిలిందేమీ లేదు, పైగా చేతి నుంచి పెట్టుకున్నాం.

అయితే పాలిష్ ఆయన మెషిన్ చుట్టుకుంటూ అత్తమ్మతో ఒక మాట అన్నాడు. ఏ కొత్త ఇంట్లోనైనా చివరి పని తనదేనట. తాను వెళ్లేసరికి కిటికీల నిండా పెయింటు చుక్కలు, అల్మారాల నిండా రంపపు పొట్టు అలాగే ఉంటాయట. ఓనర్లు మనుషుల కోసం పరేషాన్ అవుతుంటారట. మా నంబరు రాసుకున్నాడు. వారం తిరగకముందే ఆయన పంపిన ఇండ్లు రెండు వచ్చాయి, ఆ తర్వాత ఆగలేదు. దసరా ముందు నెలలో అయితే మాకు ఆదివారం అంటూ లేకపోయింది.

అన్నీ మంచి మాటలే వినలేదు. ఒక ఇంట్లో నేను బాత్రూం కడుగుతుంటే, ఇంటామె వంటింట్లో అత్తమ్మను "మీరేమోల్లు?" అని కులం అడిగింది.

"ఇండ్లు కడిగేటోల్లమమ్మా" అంది అత్తమ్మ.

అది కాదు, అసలు మీరేమోల్లని ఆమె మళ్లీ అడిగింది. అత్తమ్మ కుళాయి తిప్పి చూసి, ట్యాంకులో నీళ్లు అయిపోయినట్టున్నాయి, మోటరు వేయమని చెప్పింది. తర్వాత టీ వచ్చింది. పని మాట్లాడింది నేను కాబట్టి కాబోలు, నాకు పింగాణీ కప్పులో, అత్తమ్మకు కాగితం గ్లాసులో. నేను కప్పు తీసుకెళ్లి తాగకుండానే వంటింటి గట్టు మీద పెట్టేశాను. ఇద్దరం పని పూర్తిచేసి, బయట టీ బండి దగ్గర తాగాం. ఆ ఇంటి నుంచి తర్వాత రెండుసార్లు ఫోన్ వచ్చింది, ఖాళీ లేదని చెప్పాను. నిజంగానే ఖాళీ లేదు.

రెండో ఏడు మనుషుల్ని పెట్టుకున్నాం. మా ఊళ్లో సాంచెలకు నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు ఇద్దరు ముందు వచ్చారు, తర్వాత ఇంకో ముగ్గురు. వాళ్లకు పని నేర్పింది అత్తమ్మే. ఇంట్లో ఏది దొరికినా, చెవి కమ్మ అయినా రూపాయి బిళ్ల అయినా, వంటింటి గట్టు మీద పెట్టి ఓనరును పిలవాలి. బండ రాయిని బట్టి కడిగే మందు వాడాలి. యాసిడ్ సీసా బాత్రూం గడప దాటకూడదు. ఈ ఆఖరి మాట చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడదు. వాళ్లందరికీ నా మచ్చ కథ నేనే చెప్పాను, నేర్చుకోవడానికి అంతకంటే మంచి పాఠం నా దగ్గర లేదు.

మా అవ్వ ఆ ఏడు మా దగ్గరికి వచ్చి నాలుగు రోజులుంది. రెండో రోజు పని దాకా వస్తానంది. ఒక మూల కుర్చీ వేసుకుని, వియ్యపురాలు అయిదుగురితో పని చేయించడం పొద్దంతా చూసింది. ఇంటికి వచ్చాక నన్ను పక్కకు పిలిచి, "మీ అత్తకు మోకాళ్లు నొస్తున్నయ్, జర చూసుకో" అని మాత్రం అంది.

ఈ మధ్యే ట్రాలీ ఆటో కొన్నాం. పాతదే, కానీ ఇంజన్ గట్టిది. నిచ్చెన, కడిగే మెషిన్లు, మనుషులు అన్నీ పడతాయి. దాని మీద పెయింటరుతో "ఇల్లు మొత్తం సాఫ్ చేస్తం" అని రాయించి, కింద ఫోన్ నంబరు వేయించాను. "చేయబడును" అని రాస్తే గౌరవంగా ఉంటుందని పెయింటరు అన్నాడు. ఎవరు చేస్తరో తెల్వాలె కదా అని అత్తమ్మ ఒప్పుకోలేదు. బండికి పూజ చేయించడానికి కొండగట్టు గుడికి తీసుకెళ్లాం. నా భార్య, పాప, అత్తమ్మ, పనిచేసే అయిదుగురూ వచ్చారు. దర్శనమయ్యాక కింద చెట్టు నీడన అందరం కూర్చుని పులిహోర తింటుంటే, బండి మీది రాత చూసి ఒకాయన దగ్గరికి వచ్చాడు. జమ్మికుంటలో మూడంతస్తుల ఇల్లు కట్టాడట. అంత దూరం వస్తారా అని నన్ను అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే అత్తమ్మ, బండలేం రాయి, బోరు నీళ్లా మున్సిపాలిటీ నీళ్లా, కరెంటు వచ్చిందా అని ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టింది. ఆయన నన్ను వదిలేసి ఆమె ముందు గొంతుకూర్చుని జవాబులు చెప్పాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున ఏడింటికి ఆ ఇంటి ముందు ఆటో ఆపాను. అత్తమ్మ దిగి, మూడు అంతస్తులూ కింది నుంచి ఒకసారి చూసి, ఇద్దరిని బూజు కర్రలతో పైకి పంపింది. నేను నిచ్చెన దించుకుని వాళ్ల వెనక మెట్లెక్కాను.