నాలుగో వరుసలో నల్ల చోడి

డుంబ్రిగుడకు పైనున్న ఆ ఊళ్లో, సిగ్నల్ అందే ఒకే ఒక్క అరుగు మీద ఆ రోజు ఉన్నవీ ఉన్నవాళ్లూ: నా ల్యాప్‌టాప్, హాట్‌స్పాట్ పెట్టిన ఫోన్, పళ్లెంలో పనసతొనలు, నేను అత్తా అని పిలిచే రైతు, డిగ్రీ చదువుతున్న ఆమె మేనకోడలు, ఊరి పూజారి, గోడకు ఆనుకుని ఐదారుగురు.

అత్త దగ్గర నల్ల చోడి, అంటే నల్ల రాగి ఉంది. వాళ్లమ్మ ఇచ్చిన విత్తనం. దాన్ని ప్రభుత్వం దగ్గర రైతు రకంగా తన పేరున నమోదు చేయించాలని ఆమె ఆశ. అందుకు అది వేరే రకమని చూపాలి. ఆమె చోడి మొలకలతోపాటు మరో మూడిళ్ల మొలకలను కూడా విశాఖ ల్యాబ్‌కు పంపి జన్యుక్రమం చదివించాను. ఆ ఫైళ్లను ఒక వెబ్‌సైట్‌లో వేస్తే చాలు. ఏ జన్యువు ఎక్కడుందో అదే గుర్తించి, రకానికో రంగు వేసి, నాలుగిళ్లనూ నాలుగు వరుసలుగా చూపిస్తుంది. ఇదివరకు ఈ పనికి రోజుల తరబడి కమాండ్లు టైపు చేసేవాణ్ని. ఇప్పుడు ఎవరైనా చదవొచ్చని మురిసిపోతూ మౌస్ మేనకోడలి చేతికిచ్చాను.

"పై మూడిళ్లకీ ఇక్కడ రెండేసి రంగులున్నాయి. కింద వరసలో ఒకటే," అందా అమ్మాయి. "కిందది నీదే అత్తా! నీది దేంతోనీ కలవనేదు!"

నేను చప్పట్లు కొట్టాను. ఇంకెవరూ కొట్టలేదు.

"కలవకపోడమేటి?" అన్నాడు పూజారి.

పక్కనున్నాయన నా చెవిలో చెప్పాడు. చైత్రంలో విత్తనాల పండగకు ప్రతి ఇంటివాళ్లూ తమ విత్తనం తెచ్చి ఊరిదేవత ముందు ఒకే గంపలో పోస్తారు. పూజారి కలిపి పంచుతాడు. అలా కలవని విత్తనం ఆ ఊరి నేలలో పడకూడదు.

"ఏటొదినా, ఏటేటా గంపలో పోసిందేటి మరి?" అని పూజారి అత్తనడిగాడు.

అత్త తల ఎత్తలేదు. "సంతలో కొన్న చోళ్లు."

మేనకోడలి చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. "అయితే అందరిళ్లలో ఉన్న ఈ రెండో రంగు... నువ్వు కలిపిందేనా అత్తా?"

"పండగ కూడు మాత్రం రెండుసార్లు ఎట్టించుకునీదిరో!" అన్నారెవరో గోడ దగ్గర.

నేను ల్యాప్‌టాప్ మూసేశాను. అప్పటికే అందరూ చూశారు.

అత్త లోపలికి వెళ్లి, విత్తనం దాచిన సొరబుర్ర తెచ్చి పూజారి ముందు బోర్లించింది.

"బేగి కలిపీండి."

"గుప్పెడైనా ఉంచత్తా, నమోదుకి కావాలి!" అన్నాను.

"ఉంచుకునీ కదా బాబూ ఇంతయింది."

పూజారి తన ఇంటి చోళ్లు తెప్పించి వాటి మీద పోశాడు. రెండు చేతులతో చాలాసేపు కలిపాడు.

ల్యాబ్ మొలకల కోసం అత్త ఇచ్చినవాటిలో, వాడగా నా కవర్లో ఇంకా మిగిలిన నల్ల చోడి గింజలు నలభై ఒకటి.